డిబ్బీలో రోజూ 150 రూపాయలు

సంక్రాంతి వెళ్లిన వారానికి విజయనగరం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన పేరు వేయొద్దన్నారు. వయసు 41. మోటారు వైండింగ్ షాపు నడుపుతున్నారు. ఇద్దరు ఆడపిల్లలు. పందొమ్మిదో ఏట మొదలైన సిగరెట్ రోజుకు పదిహేను దాకా వెళ్లింది. తొమ్మిదేళ్ల చిన్నమ్మాయికి చలికాలం వస్తే ఆయాసం. కిందటేడు ఫిబ్రవరిలో ఒక రాత్రి పాపకు ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టించి తెచ్చాక, పొద్దున్నే జేబులో పెట్టె తీసి కాలవలో పారేశారు. విషయం విని తోడల్లుడు కూడా అదే వారం మానేశాడు. భార్య ఒక డిబ్బీ తెచ్చి దేవుడి గూట్లో పెట్టింది. సిగరెట్ పది రూపాయల లెక్కన రోజుకు 150, రాత్రి షాపు మూసి ఇంటికి రాగానే అందులో వేయాలి. వేశారు. ఎనిమిది నెలలు ఒక్కటి కూడా కాల్చలేదు. ఆగస్టులో తండ్రి పోయినప్పుడు కూడా ముట్టలేదు.

అక్టోబరులో పైడితల్లమ్మ సిరిమాను సంబరం. దానికి ముందు రోజు, తొలేళ్ల రాత్రి మూడు లాంతర్ల కూడలి దగ్గర పాత స్నేహితులు కలిశారు. ఒకటి కాల్చారు. తర్వాత పది రోజులు ఏమీ లేదు. "నాకిక భయం లేదు, ఒకటి కాల్చినా ఆగగలను అనుకున్నాను" అని రాశారు. ఆ పది రోజుల తర్వాత కళింగపట్నం వైపు సొంతూరు వెళ్లారు. అక్కడ తల్లికి 68 ఏళ్లు, అడ్డపొగ తాగుతారు, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. నాన్న ఉన్నన్నాళ్లూ ఆవిడకు చుట్ట అంటించి ఇచ్చేది ఆయనే. ఆ సాయంత్రం "ఒకపాలి అంటించి ఇయ్యరా, మీ నాన్న లేడు కదా" అన్నారట. అంటించి ఇచ్చారు. మర్నాటి నుంచి సిగరెట్ మొదలు. ఇప్పుడు రోజుకు ఆరేడు.

ఇంట్లో ఎవరికీ తెలియదు. పెట్టె జేబులో దొరుకుతుందని విడిగా కొంటున్నారు. షాపులో ఇంకో చొక్కా ఉంచుకున్నారు. సోంపు, పిప్పర్‌మెంట్లు. డిబ్బీలో 150 మాత్రం రోజూ వేస్తూనే ఉన్నారు. వచ్చే నెల మానేసి ఏడాది అవుతుందని భార్య తోడల్లుడి కుటుంబాన్ని భోజనానికి పిలిచింది. తోడల్లుడు మళ్లీ ముట్టలేదు, కలిసినప్పుడల్లా "అన్నయ్య వల్లే మానాను" అంటాడు.

ఆయన అడిగినవి ఇవి. చెప్పకుండా మానేస్తే ఇంక చెప్పాల్సిన పని ఉండదు కదా? రోజుకు రెండుకి తగ్గించుకుంటే సరిపోతుందా? ఒక స్నేహితుడు ఈ-సిగరెట్ తెప్పిస్తానంటున్నాడు, పట్టొచ్చా? అమ్మ అంగిలి మీద తెల్లగా కనిపిస్తోంది, నేనే కాలుస్తూ ఆవిడకు మానమని ఎలా చెప్పను? చివర్లో ఒకే ఒక వాక్యం: "నాకు మనోబలం లేదేమో."

ఆ చివరి వాక్యం నుంచే మొదలుపెడతాను.

కాలిపోయిన మోటారు మీ షాపుకు వస్తే మీరు ముందు ఏం అడుగుతారు? సింగిల్ ఫేజ్ మీద తిరిగిందా, బేరింగ్ పట్టేసిందా, నీళ్లు లేకుండా నడిచిందా అని అడుగుతారు. ఎందుకు కాలిందో తెలియకుండా కొత్త కాయిల్ చుట్టి ఇస్తే నెల తిరక్కుండా మళ్లీ తెస్తారని మీకు తెలుసు. మీ విషయంలో మాత్రం ఆ ప్రశ్న అడగకుండానే "మోటారే మంచిది కాదు" అని తేల్చేశారు. మనోబలం లేని మనిషి ఎనిమిది నెలలు ఆగలేడు. మానేసిన మొదటి మూడు రోజులే అందరికీ గండం. ఆ చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏకాగ్రత లేకపోవడం సర్దుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అదంతా మీరు దాటారు. ఉగాది దాటారు, పెళ్లిళ్ల సీజను దాటారు, తండ్రి చావును దాటారు.

మీరు నిజంగా దాటారా అని నాకు అనుమానం ఉన్నది మాత్రం ఆ చావు దగ్గరే. నాలుగు పేజీల ఉత్తరంలో మీ నాన్నగారి మరణానికి ఒక్క వాక్యం ఇచ్చారు, అదీ "అప్పుడు కూడా ముట్టలేదు" అని చెప్పుకోవడానికి. పెద్దకొడుకు కనుక కార్యం అయ్యేదాకా పనులన్నీ మీ నెత్తినే పడి ఉంటాయి, ఏడవడానికి తీరిక దొరికి ఉండదు. ఆ తర్వాత వచ్చింది ఆయన లేని మొదటి సిరిమాను. చిన్నప్పుడు మిమ్మల్ని భుజాన ఎక్కించుకుని చూపించింది ఆయనేనని ఉత్తరంలో మరోచోట, వేరే సందర్భంలో రాశారు. ఆ తర్వాత ఊళ్లో అమ్మ చుట్ట. అంటించి ఇవ్వడం మీ నాన్న పని, ఆ సాయంత్రం అది మీ చేతికి వచ్చింది. స్నేహితుల మొహమాటం కన్నా, సిగరెట్ మీద మోజు కన్నా ఆ సాయంత్రమే మిమ్మల్ని వెనక్కి లాగిందని నాకు అనిపిస్తోంది. నా అంచనా తప్పు కావచ్చు. కానీ ఈసారి మానేటప్పుడు నాన్న గురించి ఎవరితోనైనా కూర్చుని మాట్లాడండి. అది కూడా మానడంలో భాగమే.

శరీరం వైపు నుంచి జరిగింది ఇది. పొగ పీల్చిన పది పదిహేను సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. ఇరవై రెండేళ్లు అలవాటు పడిన మెదడు ఎనిమిది నెలల్లో ఆ దారిని మరిచిపోదు. తొలేళ్ల రాత్రి సిగరెట్ తర్వాత పది రోజులు ఏమీ కాలేదంటే బయటపడినట్టు కాదు, తలుపు తీసి ఉంచినట్టు. మానినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడానికి మామూలు దారి ఇదే: ఒకటి, కొన్నాళ్లు ఏమీ లేదు, ధైర్యం, ఇంకొకటి. పూర్తిగా మానగలిగినవాళ్లలో ఎక్కువమంది మొదటి ప్రయత్నంలోనే మానినవాళ్లు కారు.

ఇక చెప్పడమా, చెప్పకపోవడమా. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

ఎవరికీ చెప్పకుండా మానేయడం మొదటిది. కుదరదని అనను, అలా మానినవాళ్లున్నారు. కానీ మొదటి రెండు వారాలు మీకు చిరాకు వస్తుంది. పిల్లల మీద అరుస్తారు, రాత్రి లేచి కూర్చుంటారు. ఏడాది కిందటే మానేసిన మనిషికి ఇప్పుడెందుకిలా అని మీ ఆవిడ అడుగుతుంది. దానికి ఇంకో అబద్ధం వెతకాలి. క్రితంసారి ఆ రోజులను మీరు దాటింది ఆవిడ తోడుతో. రాత్రి పది గంటలకు ప్రాణం లాగితే ఇద్దరూ వీధి చివరిదాకా నడిచి వచ్చేవాళ్లమని మీరే రాశారు. ఈసారి ఆ నడక ఉండదు. ఒకవేళ నెగ్గినా, రేపు ఏ షాపువాడో మాటల్లో "మొన్నటిదాకా నా దగ్గరే కొనేవారమ్మా" అంటే చాలు.

ముందు తోడల్లుడికి చెప్పడం రెండోది. ఆ లాగుడు ఏమిటో తెలిసినవాడు, తిట్టడు, రాత్రి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. మీరు భయపడుతున్నట్టు అతను కూడా జారిపోతాడా? ఆ ప్రమాదం లేదని చెప్పలేను. కానీ నమ్ముకున్న మనిషి మూడు నెలలు నాటకం ఆడాడని వేరేవాళ్ల ద్వారా తెలిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. అయితే ఒకటి గుర్తుంచుకోండి. అతని భార్య, మీ భార్య అక్కచెల్లెళ్లు. అతనికి చెప్పిన మాట గంటలో మీ వంటింట్లో ఉంటుంది. భర్త సంగతి చెల్లెలి నోట వినడం ఏ భార్యకైనా అవమానమే. కాబట్టి అతనికి చెప్పే రోజే ఇంట్లోనూ చెప్పాలి, ఇంట్లోనే ముందు.

మూడోది భార్యకు చెప్పడం. నా మొగ్గు ఇటే. దీనికీ ఖర్చుంది, అది దాచను. ఆవిడకు బాధ కలిగించేది సిగరెట్ కాదు, ఆ డిబ్బీ. దేవుడి గూట్లో పెట్టిన డిబ్బీలో మూడు నెలలు రోజూ మీరు వేసిన 150. ఆ బాధ ఒక్క రాత్రిలో పోదు. రెండు మూడు రోజులు మాట్లాడకపోవచ్చు, ఏడవవచ్చు, "ఇంకేం దాచారు" అని అడగవచ్చు. అడిగే హక్కు ఆవిడకు ఉంది. చెప్పేటప్పుడు "టెన్షన్‌లో అయిపోయింది", "నువ్వు అందరికీ గొప్పగా చెప్పేశావు కాబట్టి చెప్పలేకపోయాను" అనకండి. రెండో మాటలో కొంత నిజం ఉంది, అయినా అనకండి. ఎంత కాలుస్తున్నారో, ఎప్పటి నుంచో, ఎక్కడ మొదలైందో చెప్పండి. అమ్మ చుట్ట సంగతి కూడా చెప్పండి. పిల్లలు పడుకున్నాక, డిబ్బీ పక్కన పెట్టుకుని.

ఒట్టు మాత్రం వేయకండి. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి అసలే వద్దు. ఆవిడ అడిగినా కాదనండి. ఒట్టు వేసినవాడు జారితే మొదట దాచుకుంటాడు, తర్వాత ఎలాగూ పోయింది కదా అని పెట్టె కొంటాడు. ఒట్టుకు బదులు ఈ మాట ఇవ్వండి: మళ్లీ ఒకటి కాల్చిన రోజున అదే రాత్రి నీకు చెప్తాను. అది మీరు నిలబెట్టుకోగల మాట. ఒక సిగరెట్ దగ్గరే ఆగిపోవడానికి పనికొచ్చే మాట కూడా అదే. క్రితంసారి మీ ఇంట్లో అన్నీ ఉన్నాయి, డిబ్బీ ఉంది, మెచ్చుకోలు ఉంది, తోడు ఉంది. జారితే ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ అనుకోలేదు. మెచ్చుకునేవాళ్లు ఎంతమంది ఎక్కువైతే తప్పు ఒప్పుకోవడం అంత కష్టం. తొలేళ్ల మర్నాడు మీరు ఆవిడకు చెప్పగలిగి ఉంటే ఈ ఉత్తరం వచ్చేది కాదు.

ఆవిడ నుంచి ఏం కావాలో కూడా అడగండి. చొక్కా వాసన చూడడం, జేబులు తడమడం సాయం కాదు, కాపలా. కాపలా ఉన్నచోట దాచడమే పెరుగుతుంది. రోజుకు ఒకసారి, రాత్రి భోజనం అయ్యాక "ఈ రోజు ఎలా గడిచింది" అని అడిగితే చాలు. ఆ పది గంటల నడక మళ్లీ మొదలుపెట్టండి.

రోజుకు రెండుకి తగ్గించడం గురించి. పదిహేను కన్నా రెండు మేలే కదా అనిపిస్తుంది. గుండె దగ్గర ఆ లెక్క పనిచేయదు. రోజుకు ఒక్కటే కాల్చేవాళ్లకు కూడా గుండెజబ్బు విషయంలో, ఇరవై కాల్చేవాళ్లకు పెరిగే ముప్పులో దాదాపు సగం ఉంటుందని 2018లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది. పైగా మీ విషయంలో రెండు రెండుగా ఉండవు. అక్టోబరులో ఒకటి ఏమైందో చూశారుగా. పూర్తిగా ఆపే తేదీ ముందే పెట్టుకుని, ఆ లోపల తగ్గించుకుంటూ రావడం వేరు, అది చేయొచ్చు. ఈ-సిగరెట్ సంగతికి వస్తే 2019 నుంచి మన దేశంలో వాటి అమ్మకం, దిగుమతి నిషేధం. మీ స్నేహితుడు తెప్పించేది దొంగ సరుకు, లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఖైనీ, గుట్కా వైపు వెళ్లకండి, నోటికి అవి ఇంకో ముప్పు.

నికోటిన్ గమ్ క్రితంసారి ఎక్కిళ్లు వచ్చి పారేశానన్నారు. బబుల్ గమ్‌లా నమిలి ఉంటారు. దాన్ని మెల్లగా కొన్నిసార్లు నమిలి, నోరు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా ఒక అరగంట. టీ, కాఫీ, కూల్‌డ్రింకు తాగిన పావుగంట వరకు వేసుకోకూడదు, పనిచేయదు. పొద్దున లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ కావాలా, ఇంకా ఆలస్యంగానా అన్నదాన్ని బట్టి గమ్ మోతాదు మారుతుంది, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి. బూప్రోపియాన్, వరెనిక్లిన్ అని మాత్రలూ ఉన్నాయి, చీటీ మీదే వాడాలి. మూర్ఛ ఉన్నవాళ్లకు బూప్రోపియాన్ ఇవ్వరు. ప్రభుత్వాసుపత్రిలో బీపీ, షుగరు చూసే ఎన్‌సీడీ క్లినిక్ ఎక్కడో అడిగి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. మీరు విడిగా కొంటున్నారు కాబట్టి గమనించి ఉండరు, 2018 సెప్టెంబరు నుంచి సిగరెట్ పెట్టెల మీద ఒక నంబరు వేస్తున్నారు: 1800-11-2356. అది పొగాకు మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఉచిత లైను. ఇంట్లో చెప్పే ధైర్యం ఈ వారం రాకపోతే, మొదటి మాట అక్కడ చెప్పండి. ఒక మనిషికి నిజం చెప్పాక రెండో మనిషికి చెప్పడం తేలికవుతుంది.

షాపులో మీకు గండం టీ వేళ అన్నారు, ఇంకొకటి వార్నిష్ ఆరేదాకా చేతులు ఖాళీగా ఉండే వేళ. టీ కొట్టుకు వెళ్లకండి, కొన్నాళ్లు టీని మీ షాపుకే తెప్పించుకోండి, అదీ సగం గ్లాసు. ఇది చాలామందికి తెలియదు: పొగ ఆపితే శరీరం కెఫీన్‌ను నెమ్మదిగా ఖర్చు చేస్తుంది, ఎప్పుడూ తాగే నాలుగు టీలే దడ, చిరాకు, నిద్రలేమి తెస్తాయి. అది సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని మళ్లీ వెలిగిస్తారు. వార్నిష్ ఆరేవేళకు పాత కాయిల్ విప్పడమో, బిల్లులు రాయడమో అట్టిపెట్టుకోండి. గట్టిగా లాగే కోరిక ఐదు నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు ఉంటుంది. ఆ కాసేపూ తోడల్లుడికి ఫోన్ చేయండి. ఎండలు ముదిరితే ఫ్యాన్లు, బోరు మోటార్లతో మీకు ఊపిరి సలపదు, అప్పుడు మానడం ఇంకా కష్టం. కాబట్టి తేదీ ఫిబ్రవరిలోనే పెట్టుకోండి.

ఆ ఏడాది భోజనం గురించి మీరు ఎక్కువ కంగారు పడుతున్నారు. మీ ఆవిడకు ముందే చెప్పేస్తే దాన్ని ఉంచాలో, మానాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవచ్చు. ఉంచితే అది తోడల్లుడి ఏడాది. అతను నిజంగా సాధించాడు, అతని పక్కన కూర్చుని తినండి. అందరి ముందు ఒప్పుకోలు ప్రసంగాలు అక్కర్లేదు, అతనికి ముందురోజే తెలిసి ఉంటే చాలు. భోజనం వద్దనుకుంటే పిల్లలకు ఏం చెప్పాలో ఆలోచించుకోండి. చిన్నమ్మాయి అడిగితే "నాన్న మళ్లీ కాల్చాడమ్మా, మళ్లీ మానుతున్నాడు" అనండి. తొమ్మిదేళ్ల పిల్లకు అది అర్థమవుతుంది.

అమ్మ సంగతి మాత్రం వీటన్నిటికన్నా ముందు. శ్రీకాకుళం తీరం ఊళ్లలో ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట తాగడం మనకు పుట్టినప్పటి నుంచి చూసిన దృశ్యం, అందుకే మనం భయపడం. కానీ ఆ నిప్పు సెగ, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. 1971లోనే అచ్చయిన ఒక పరిశోధన కోసం ఆంధ్రలో పది వేలమందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, అడ్డపొగ తాగేవాళ్ల అంగిలిలో వచ్చే మార్పులను నమోదు చేశారు. తెల్లబడిన అంగిలి అన్నీ క్యాన్సర్లు కావు. చుట్ట మానితే ఆ మార్పులు చాలామందిలో తగ్గుతాయి కూడా. కానీ ఏది ఏమిటో చూడగానే మీరూ నేనూ చెప్పలేం. ఎర్రటి మచ్చ, మానని పుండు, గట్టిపడిన చోటు ఉంటే ఇంకా తొందర. దంతవైద్యుడు చూడాలి, అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ఇది మీరు సిగరెట్ మానేదాకా ఆగే పని కాదు.

ఆవిడకు మానమని చెప్పే అర్హత నాకేదని అడిగారు. చెప్పకండి, అడగండి. "అమ్మా, నేను మళ్లీ మొదలుపెట్టాను, మానాలి. నా చేత చుట్ట అంటించకు, నాకది కష్టంగా ఉంది" అనండి. తన చుట్ట గురించి ఎంత చెప్పినా వినని తల్లి, కొడుకు కోసం ఒక పని మానుకోమంటే మానుకుంటుంది. రేపు ఆవిడ కూడా తగ్గిస్తుందో లేదో ఇప్పుడే తేలాల్సిన పని లేదు. ఆ పూట కాసేపు కూర్చుని నాన్న గురించి మాట్లాడుకోండి. ఆయన పోయాక మీరిద్దరూ ఆ పని చేసినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

డిబ్బీలో ఈ మూడు నెలల పైచిలుకులో పడ్డ డబ్బు, రోజుకు 150 చొప్పున, దాదాపు 14 వేలు. అది దొంగ డబ్బని, ముట్టుకోవాలంటే సిగ్గుగా ఉందని రాశారు. మీ ఆవిడకు చెప్పిన తర్వాత ఆ 14 వేలు ఆవిడ చేతులతోనే తీయించి, మొదట అమ్మను శ్రీకాకుళంలో దంతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. వీలైతే ఆవిడనూ వెంట తీసుకెళ్లండి.